తువ్వాలు చుట్టిన మూడు మొహాలు

కిందటివారం మనం కత్తెరక్కను ఆమె సొంత సెలూన్‌లో, చేతిలో దువ్వెనతో, నోట మాట లేకుండా వదిలేసి వచ్చాం. కత్తెరక్కకు మాట పడిపోవడమంటే ఆ వీధికి వింతే. ఏం జరిగిందో ఒక్కసారి గుర్తు చేసుకుని ముందుకు పోదాం.

ఆమె తండ్రి దగ్గర పని నేర్చుకుంది. తండ్రి పోయాక ఆయన సెలూన్‌నే నడుపుతోంది. ఒకసారి చూసిన మొహాన్ని జన్మలో మరిచిపోదని ఆమెకు పేరు. ఆ పేరు ఊరందరికంటే ఆమెకే కాస్త ఎక్కువ తెలుసు. పక్కనే గడియారాలు బాగుచేసే పెద్దాయన కొట్టు ఉంది. చిన్నప్పటి నుంచీ ఆమె బాబాయ్ అని పిలిచే మనిషి. నెల కిందట పట్టపగలు టోపీ పెట్టుకున్నవాడెవడో ఆ కొట్లో దూరి, అడ్డం వచ్చిన పెద్దాయన్ని తోసేసి, వాచీలు మూటగట్టుకుని పారిపోయాడు. అద్దం పగిలిన చప్పుడు విని బయటికొచ్చిన కత్తెరక్క పక్కనుంచే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా పరుగెత్తాడు. తలకు దెబ్బ తగిలిన పెద్దాయన ఇప్పటికీ ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఇంకా మాట రాలేదు.

స్టేషన్‌లో పోలీసులు వరసగా నిలబెట్టిన మనుషుల్లోంచి కత్తెరక్క, ఆ వేళకు వీధిలో బండి ఆపి ఉన్నాడని పట్టుకొచ్చిన బ్రెడ్డు వ్యాన్ డ్రైవర్‌ను చూపించింది. "ఈమె నాకు క్రాపు చేసింది సార్, నన్ను చూసింది అక్కడే" అని అతను మొత్తుకున్నాడు. "ఈ మొహం నా కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు" అని ఆమె కొట్టిపారేసింది. అతను జైల్లో ఉన్నాడు. ఆమె కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన రోజు దగ్గరపడింది. అప్పుడే ఒక అమ్మాయి జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది. "మా షాపుకు ఇదే మొదటిసారా?" అని కత్తెరక్క పలకరించింది. జుట్టు సగం కత్తిరించాక ఆ అమ్మాయి తను డ్రైవర్ భార్యనని చెప్పింది. స్టేషన్‌లో పూటంతా ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఏడ్చిన మనిషి. కత్తెరక్క స్వయంగా మంచినీళ్ళ గ్లాసు అందించిన మనిషి.

తప్పు బయటపడితే కొందరు చల్లబడతారు. కత్తెరక్క ఆ బాపతు కాదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

"ఆ రోజు నువ్వు తలకు స్కార్ఫ్ కట్టుకున్నావు. ఇవాళ జుట్టు విరబోసుకుని వచ్చావు. ఎవరైనా పొరబడతారు," అంది మాట రాగానే.

"జుట్టు మారితే మొహం మారిపోతుందా అక్కా?"

అమ్మాయి గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. అందుకే కత్తెరక్కకు మరీ మండింది. చేతిలోని దువ్వెన అద్దం ముందు బల్ల మీద పడేసింది.

"సరే, రేపు మాకు సెలవు. నా కుర్చీలో కూర్చున్నవాళ్ళలోంచి నీ ఇష్టం వచ్చిన ముగ్గుర్ని పట్టుకురా. మెడ నుంచి కిందికి గుడ్డ కప్పు. తలకు తువ్వాలు చుట్టు. నోరు విప్పొద్దని చెప్పు. ఒట్టి మొహమే మిగులుతుంది కదా! ఎవరెవరో నేను చెప్తాను. చెప్పలేకపోతే కోర్టులో నా మాట నేనే వెనక్కి తీసుకుంటా."

"చెప్పగలిగితే?"

"మళ్ళీ నా గుమ్మం తొక్కకూడదు. బాబాయ్ అక్కడ మాట లేకుండా పడున్నాడు. ఆ పని చేసినవాణ్ణి వదలమని నన్నెవరూ అడగకూడదు."

అమ్మాయి మెడకున్న గుడ్డ తనే విప్పుకుంది. సగం కత్తిరించిన జుట్టుతోనే లేచి నిలబడింది. "మాట తప్పవుగా అక్కా?" అంది.

"నా కత్తెర మీద ఒట్టు."

*

సెలవురోజు మధ్యాహ్నం. సెలూన్ షట్టర్ సగానికి దించి ఉంది. వెనకగదిలో కత్తెరక్క, ఆమె అత్తగారు స్టూళ్ళ మీద కూర్చున్నారు. మధ్య తలుపు వేసి ఉంది. అవతల కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో తుమ్మబోయి ఆపుకున్నారు.

"తుమ్ము కూడా బయటికి రానివ్వడంలేదు. గట్టి పిల్లే," అంది అత్తగారు.

అత్తగారి సంగతి రెండు ముక్కలు చెప్పాలి. షాపులో తువ్వాళ్ళు ఉతికి, ఆరేసి, మడతలు పెట్టే పని ఆవిడది. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టేదీ ఆవిడే. కానీ ఎవరినీ ఫలానా అని పలకరించదు. అందరూ ఆవిడకు 'బాబూ', 'అమ్మా'లే. ఎందుకంటే ఆవిడకు మొహాలు గుర్తుండవని ఇంటిల్లిపాదికీ తెలుసు. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో రైల్వే స్టేషన్ రద్దీలో ఎవరో పెద్దమనిషిని మొగుడనుకుని వెనకాలే నడిచి, అతను ఎక్కిన పెట్టె కూడా ఎక్కేసిందట. మామగారు బతికున్నన్నాళ్ళూ వచ్చిన ప్రతి చుట్టానికీ ఈ కథ చెప్పి నవ్వించాడు. ఆయన పోయాక కొడుకులు అందుకున్నారు. వినీ వినీ ఆవిడ కూడా తన కన్ను పనికిరాదని ఖాయం చేసుకుంది.

కత్తెరక్క పేరు వచ్చిన తీరు కూడా ఇంచుమించు అలాంటిదే. తండ్రి ఉన్నప్పుడు, పదేళ్ళు కనపడకుండా పోయి తిరిగొచ్చిన ఒక పాత ఖాతాదారును గుమ్మంలోనే పోల్చుకుంది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని వీధంతా చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఎవరినైనా గుర్తుపడితే 'చూశావా, కత్తెరక్క!' అన్నారు. పట్టకపోతే ఏదో పనిలో ఉందిలే అనుకున్నారు. తప్పినవాటిని ఎవరూ పట్టించుకోలేదు, ఆమె అసలే పట్టించుకోలేదు.

ఫోన్ మోగింది. మరిది. ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు. అన్న, అంటే కత్తెరక్క మొగుడు, లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటే ఇంటి పనులకు అందుబాటులో ఉండేది ఇతనే. ఆ రోజు స్టేషన్‌కు వదినను బండి మీద తీసుకెళ్ళిందీ ఇతనే.

"వదినా, రేపు పొద్దున్నే బండి తెస్తా, తయారుగా ఉండు. కోర్టులో తడబడకు. నీ కన్ను ఎప్పుడూ తప్పలేదు. ఆ మాటే గట్టిగా చెప్పు."

"తడబడటానికి నేనేమన్నా కొత్తపెళ్ళికూతురినా?" అని నవ్వి ఫోన్ పెట్టేసింది. "చిన్నోడు. ధైర్యం చెప్తున్నాడు," అంది అత్తగారితో.

అత్తగారు అప్పటికే మడత పెట్టి ఉన్న తువ్వాలును విప్పి మళ్ళీ మడత పెట్టింది.

తలుపు మీద రెండు సార్లు కొట్టిన చప్పుడయింది. "రండక్కా."

*

మూడు కుర్చీలు, మూడు అద్దాలు. కుర్చీలను అద్దాల వైపు కాకుండా గది వైపు తిప్పి ఉంచింది అమ్మాయి. ముగ్గురు మగవాళ్ళు మెడ వరకూ తెల్లగుడ్డల్లో మునిగి ఉన్నారు. తలలకు కనుబొమల దాకా తువ్వాళ్ళు. కళ్ళజోళ్ళు తీయించింది. బూట్లూ చెప్పులూ కనపడకుండా కాళ్ళ మీద కూడా తువ్వాళ్ళు కప్పింది. ముగ్గురివీ నున్నగా గీసిన గడ్డాలే. చూడటానికి నవ్వొచ్చేలా ఉన్నారు గానీ ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

కత్తెరక్క చేతులు వెనక్కి కట్టుకుని మొదటి కుర్చీ ముందు నిలబడింది. గుండ్రటి మొహం, కళ్ళకింద ఉబ్బు, గడ్డం మీద చిన్న నొక్కు. ఆ మొహం ఆమె వైపే చూస్తోంది. ఆమె ఒక్కో భాగాన్నీ విడివిడిగా చూసింది. ముక్కు చూసినప్పుడు కళ్ళు జారిపోయాయి, కళ్ళు చూసినప్పుడు నోరు జారిపోయింది. ఎప్పుడూ ఇంతేనేమో, ఎవరికైనా ఇంతేనేమో అనుకుంది. ఇంతకుముందు ఎప్పుడూ ఇలా ఒట్టి మొహం ముందు నిలబడి ఆలోచించాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

అంతలో ఎక్కణ్ణుంచో నమ్మకం వచ్చి గుండెల్లో కూర్చుంది. ఉబ్బిన కళ్ళు. పేపర్లు దిద్దిన కళ్ళు.

"లెక్కల మాస్టారు," అంది.

కత్తెరక్క రెండో కుర్చీ ముందుకు జరిగింది. ఈసారి అంతసేపు పట్టలేదు. కోలమొహం, బుగ్గలు లోపలికి పోయాయి. "ఈయన నాకు తెలీదు. ఎప్పుడూ చూడలేదు. నన్ను బోల్తా కొట్టించడానికి పరాయి మనిషిని తెచ్చావు, అవునా?"

కుర్చీలోని మనిషి కనుగుడ్లు బయటికొచ్చేలా చూశాడు. కత్తెరక్క అది పట్టించుకోకుండా మూడో కుర్చీకి వెళ్ళింది. "ఈయన ఎదురుగుండా మందుల షాపాయన. రోజూ చూసే మొహం. ఇంకేదన్నా ఉంటే అడుగు!"

అమ్మాయి వైపు తిరిగి చేతులు దులుపుకుంది. చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలికైనట్టుంది. గెలిచిన సంతోషంలో కాస్త ఆటపట్టించాలనిపించింది కూడా. తలుపు దగ్గర నిలబడ్డ అత్తగారి వైపు చూసి కన్ను గీటింది.

"అత్తయ్యా, మీరూ చెప్పండి. మొహాలు గుర్తుండే మనిషికీ, ఉండని మనిషికీ తేడా ఈ అమ్మాయికి తెలియాలిగా!"

"నాకెందుకే తల్లీ. నవ్వులపాలు చెయ్యడానికా?"

"ఊరికే చెప్పండి. మావయ్యగారు లేరుగా నవ్వడానికి."

అత్తగారు కొంగు సర్దుకుంటూ ముందుకొచ్చింది. నిలబడి పరీక్షగా చూడను కూడా లేదు. బజారులో ఎదురైనవాళ్ళను చూసినట్టు చూసింది. చూసి కోడలి వైపు అనుమానంగా తిరిగింది.

"నాది తప్పయి ఉంటుందిలే. నాకైతే ఈ మొదటాయన మందుల షాపు బాబులా ఉన్నాడు. మధ్యలో ఉన్నది మాస్టారు. పాపం, ఎందుకో కోపంగా ఉన్నారు. ఇక ఆ చివరాయన... వానాకాలంలో ఒక్కసారి వచ్చారు. గొడుగు మరిచిపోయి మళ్ళీ వెనక్కొచ్చారు. ఆ మనిషిలా ఉన్నారు. ఏమో మరి!"

కత్తెరక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వు సగంలో ఉండగానే అమ్మాయి ముందుకొచ్చి మూడు తువ్వాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి లాగేసింది.

మొదటి కుర్చీలోంచి మందుల షాపాయన బట్టతల మెరిసింది. రెండో కుర్చీలో నెరిసిన ఉంగరాల జుట్టు బయటపడింది. ఆ జుట్టును చూసిన మరుక్షణం కత్తెరక్క కళ్ళ ముందు లెక్కల మాస్టారు ఎక్కణ్ణుంచో వచ్చి కూర్చున్నట్టయింది. అదే కోలమొహం, అవే బుగ్గలు. క్షణం కిందట ఎవరో పరాయివి.

"ఎప్పుడూ చూడలేదా నన్ను?" మాస్టారు కుర్చీలోంచి లేచాడు. "పదహారేళ్ళుగా ఈ గడ్డం నీ చేతికి అప్పజెప్పి కళ్ళు మూసుకుంటున్నాను. గొంతు మీద కత్తి పెట్టే మనిషికి నేనెవరో తెలీదన్నమాట!"

"మాస్టారూ, మీరు కళ్ళజోడు..."

"గీసేటప్పుడు కళ్ళజోడు తీయించేది నువ్వేగా!"

మూడో కుర్చీలోని మనిషి మెల్లగా గుడ్డ విప్పుకున్నాడు. "నేను ఈ అమ్మాయి మేనమామనండి. పెద్దావిడ చెప్పింది నిజం. ఒక్కసారే వచ్చాను. గొడుగు సంగతి నేనే మరిచిపోయాను."

అందరూ అత్తగారి వైపు చూశారు. ఆవిడ ఏదో తప్పు చేసినట్టు గోడకు ఆనుకుంది. "ఏదో గుడ్డిగా అన్నాను," అంది.

కత్తెరక్క ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయింది. సిగ్గేసింది, ఆ సిగ్గును ఆమె దాచుకోలేదు. కానీ సిగ్గు కంటే భయం ఎక్కువగా ఉంది. మూడూ తప్పే. తప్పులు ఎవరైనా చేస్తారు. తప్పు చెప్తున్నప్పుడు గుండెల్లో కూర్చున్న ఆ నమ్మకం మాత్రం ఆమెకు కొత్తది కాదు. స్టేషన్‌లో డ్రైవర్ వైపు వేలు చూపించినప్పుడు ఉన్నది సరిగ్గా ఇదే. వెంట్రుకవాసి తేడా లేదు.

"మాస్టారూ, నేను అబద్ధం చెప్పలేదండి. నిజంగా తెలుసనే అనుకున్నాను."

మాస్టారి కోపం కాస్త దిగింది. పాఠం చెప్పే అవకాశం వస్తే ఆయన కోపం ఎప్పుడూ దిగుతుంది. "ఏటా చూస్తుంటాను. పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లల్ని ఎన్ని మార్కులొస్తాయిరా అంటే, అందరికంటే ధీమాగా చెప్పినవాడు ఒక్కోసారి తప్పుతాడు, ఏడుస్తూ వచ్చినవాడు గట్టెక్కుతాడు. అయితే వాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు పేపర్లు దిద్ది చేతికిస్తాం. మొహాల విషయంలో మనకెవరు దిద్దారు? నీకూ దిద్దలేదు, మీ అత్తగారికీ దిద్దలేదు. ఎవరికి వాళ్ళం మార్కులు వేసుకుని కూర్చున్నాం."

"నేను మనుషుల్ని ఎలా పోల్చుకుంటున్నాను మరి ఇన్నాళ్ళూ?"

"నన్ను చూడకముందే నా దగ్గు వింటావు," అన్నాడు మందుల షాపాయన. ఆయన నిజంగానే దగ్గాడు. కళ్ళు మూసుకుని విన్నా కత్తెరక్కకు ఆయన పూర్తిగా కనపడ్డాడు.

*

డ్రైవర్ భార్య గెలిచానని గంతులెయ్యలేదు. సంచీలోంచి ఒక ఫొటో తీసి కత్తెరక్క ఒళ్ళో పెట్టింది.

ఫొటోలో ఒక మనిషి వెనకనుంచి కనపడుతున్నాడు. భుజాల మీద చిన్నపాప కూర్చుని అతని చెవులు పట్టుకుంది. పాప ఒక పక్కకు ఒరిగి ఉండటంతో అతని తల వెనకభాగం స్పష్టంగా ఉంది.

"మా ఆయన. ఆ గొడవకు రెండు రోజుల ముందు తీసింది. మొహం లేదక్కా ఇందులో. నీకు మొహం అక్కర్లేదని నిన్న నా జుట్టు పట్టుకున్నప్పుడే అర్థమైంది. ఎన్నాళ్ళ కిందట ఎవరు కత్తిరించారో, ఎడమచేతి వాటమా కుడిచేతి వాటమా, అన్నీ చెప్పేశావు. నన్ను మాత్రం పోల్చుకోలేదు."

కత్తెరక్క ఫొటోను వెలుగులోకి తిప్పింది. నెత్తి మీద రెండు సుడులు. రెండు సుడులున్న తలలో జుట్టు నిక్కబొడుచుకుంటుంది. అందుకని సుడుల మధ్య జుట్టును వేలెడు ఎక్కువ పొడుగు వదిలి, చుట్టూ పల్చగా దింపుతూ రావాలి. ఆమె తండ్రి నేర్పిన పద్ధతి అది. ఆ వీధిలోనే కాదు, ఆ చుట్టుపక్కల ఇంకెవరూ అంత ఓపిక పడరు. చెవి వెనక మలుపు, మెడ మీద గీత, అన్నీ చూసింది. తన చేతిరాతను తను చదువుకున్నట్టే ఉంది.

"ఇది నా చెయ్యే," అంది.

అత్తగారు కోడలి భుజం మీంచి తొంగి చూసింది. "ఇంకో ఫొటో ఉందా అమ్మా, మొహం కనపడేది?" అమ్మాయి చూపించింది. "ఈ అబ్బాయా! వచ్చాడుగా. తెల్లారకముందు నుంచి బండి నడుపుతున్నానని చెప్పి కుర్చీలోనే నిద్రపోయాడు. నువ్వే లేపావు, గుర్తులేదూ?"

నిద్రపోయిన మనిషి గుర్తున్నాడు. బరువుగా పక్కకు వాలిపోతున్న తల గుర్తుంది, ఆ తలను నిలబెడుతూ కత్తిరించడానికి పడ్డ తిప్పలు గుర్తున్నాయి. ఆ తలకు ముందువైపు ఏముందో మాత్రం గుర్తులేదు.

ఆ రోజు స్టేషన్‌లో వరసలో ఉన్నవాళ్ళను పక్కకు తిరగమన్నారు. అతను తిరగ్గానే ఆమెకు ఒళ్ళు జల్లుమంది. వీణ్ణి చూశాను, దగ్గరగా చూశాను అనిపించింది. అది నిజమే. చూసింది, ముట్టుకుంది కూడా. తన కత్తెర పనిని తనే గుర్తుపట్టి, దొంగను గుర్తుపట్టానని చెప్పింది. అతను ఆ మాటే గొంతు చించుకుని చెప్పినా ఎవరూ వినలేదు. కత్తెరక్క కాదంటోందిగా, ఆమె మరిచిపోదుగా అన్నారు.

"నెలరోజులు," అంది కత్తెరక్క. కళ్ళనీళ్ళు తిరిగాయి. "నెలరోజులుగా నా పొగరు వల్ల ఒక మనిషి లోపల ఉన్నాడు."

"ఏడవొద్దక్కా. నేను నీ ఏడుపు కోసం రాలేదు. రేపు అందరి ముందూ ఈ మాట అనగలవా? నీ పేరు పోతుంది."

"పోనీ. ఎవరికి కావాలి ఆ పేరు? రేపు పొద్దున్న కోర్టు తలుపులు తీసేసరికి నేను అక్కడుంటా. మాస్టారూ, మీరు కూడా రావాలి. నేను మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదన్నానని నలుగురికీ చెప్పాలి."

"చెప్పకుండా ఎలా ఉంటాను!" అన్నాడు మాస్టారు.

అమ్మాయి వెళ్ళబోతుంటే కత్తెరక్క చెయ్యి పట్టుకుని ఆపింది. కుర్చీలో కూర్చోబెట్టి, నిన్న సగంలో ఆగిపోయిన జుట్టు సమంగా కత్తిరించి పంపింది.

*

అందరూ వెళ్ళాక ఆమె ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేసింది. నాన్చలేదు. "సార్, నేను తప్పు మనిషిని చూపించాను. రేపు కోర్టులో అదే చెప్తాను."

"ఎవరన్నా బెదిరించారామ్మా?"

"లేదు సార్. పరీక్ష పెట్టారు. ఫెయిలయ్యాను."

అవతల నిట్టూర్పు వినిపించింది. "నువ్వు కాదంటే అతను బయటికి వస్తాడు, మంచిదే. మరి ఆ పెద్దాయన్ని తోసినవాడు? చూసినదానివి నువ్వొక్కదానివే. కేసు ఇక్కడితో ఆగిపోతుంది."

ఫోన్ పెట్టేశాక ఆ మాట ఆమెను వదల్లేదు. చూసినదానివి నువ్వొక్కదానివే. బాబాయ్‌కి న్యాయం జరగదా అయితే? షట్టర్ సందులోంచి వీధి కనపడుతోంది. షాపు ముందు కట్టిన తాడు మీద తువ్వాళ్ళు గాలికి ఊగుతున్నాయి. అద్దం పగిలిన రోజు తను పరుగున బయటికొచ్చినప్పుడు కూడా అవి అలాగే ఊగుతున్నాయి. అప్పుడు వాటిని ఆరేస్తున్నదెవరు?

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది.

"అత్తయ్యా. ఆ రోజు మీరు బయటే ఉన్నారుగా."

అత్తగారు తువ్వాళ్ళు దొంతర పేరుస్తోంది. చేతులు ఆగాయి.

"పోలీసులు నన్నూ అడిగారే. నాకు మొహాలు గుర్తుండవు బాబూ అని చెప్పాను. రాసుకుని వెళ్ళిపోయారు."

"ఇవాళ ముగ్గురికి ముగ్గుర్నీ చెప్పారు. నిద్రపోయిన డ్రైవర్‌ను చెప్పారు. ఒక్కసారి వచ్చిన మనిషి గొడుగు కూడా చెప్పారు. ఇక నా దగ్గర ఆ మాట అనకండి. ఎవర్ని చూశారు?"

ఆవిడ దొంతర పక్కన పెట్టింది. తర్వాత వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ కుర్చీల్లో ఆవిడ కూర్చోవడం కత్తెరక్క ఎప్పుడూ చూడలేదు.

"టోపీ కిందికి లాక్కుని నా ముందునుంచే పోయాడు. నా కళ్ళలోకి చూశాడు కూడా. చూడగానే పోల్చుకున్నాను. వెంటనే నన్ను నేను తిట్టుకున్నాను. పరాయివాణ్ణి మొగుడనుకుని రైలెక్కిన గుడ్డిదానివి, నీకేం తెలుసని. నువ్వు స్టేషన్‌లో ఇంకెవర్నో చూపించావని తెలిసినప్పుడు, నీకు చెప్పొద్దూ, నా ప్రాణం లేచొచ్చింది. కోడలి కన్ను తప్పదు, తప్పింది నాదే అనుకున్నాను. అలాగే అనుకుంటూ ఉండిపోదామనుకున్నాను. ఇవాళ నువ్వు ఆ తువ్వాళ్ళు చుట్టించి నాకు ఆ దారి కూడా లేకుండా చేశావు."

"ఎవరత్తయ్యా?"

"నువ్వూ చూశావే. నీకు చెయ్యెడు దూరంలో పోయాడు. జుట్టు టోపీలో ఉంది, నోరు విప్పలేదు, అంతే. లేకపోతే ఇరవై ఏళ్ళుగా వాడి క్రాపు చేసేది నువ్వేగా."

కత్తెరక్క చెవుల్లో ఒక మాట మళ్ళీ వినిపించింది. నీ కన్ను ఎప్పుడూ తప్పలేదు వదినా. ఆ మాట స్టేషన్‌కు వెళ్తున్నప్పుడు బండి మీద అన్నాడు. తిరిగొస్తూ అన్నాడు. ఈ మధ్యాహ్నం మళ్ళీ అన్నాడు.

"నేనే చెప్తా రేపు," అంది అత్తగారు. "ఎవరో తల్లి కన్న బిడ్డ నా బిడ్డకు బదులు లోపల కూర్చున్నాడు. ఆ పాప నాన్న చెవులు పట్టుకుని ఉన్న ఫొటో చూశాక ఇక నేను ఇంట్లో కూర్చోలేను. నన్ను కూడా కోర్టుకు తీసుకెళ్ళు."

"అత్తయ్యా, ఆలోచించండి. మీ కడుపున..."

"నెలరోజులు అదే ఆలోచించాను. చాలు."

బయట స్కూటర్ వచ్చి ఆగింది. స్టాండు వేసిన చప్పుడు, తాళాలు గలగలలాడిన చప్పుడు. ఈ మనిషిని పోల్చుకోవడానికి కత్తెరక్కకు ఎప్పుడూ మొహం అవసరపడలేదు.

"వదినా! సెలవురోజు షాపులో ఏం చేస్తున్నారు? మాస్టారు ఎదురయ్యాడు. ఏదో పరీక్ష అంటున్నాడు, ఏంటి సంగతి?"

కత్తెరక్క కదలబోయింది. అత్తగారు ఆమె మోచెయ్యి నొక్కి ఆపి, తనే లేచి వెళ్ళి షట్టర్ పైకెత్తింది. చిన్నోడు నవ్వుతూ లోపలికొచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి ఆ నవ్వు తగ్గించుకున్నాడు. అతని వెనక ఆవిడ షట్టర్‌ను నేలదాకా దించింది, గొళ్ళెం పెట్టింది. వరసగా మూడు అద్దాల మీది దీపాలూ వేసింది. మడత పెట్టిన తువ్వాలు ఒకటి తీసుకుని, కుర్చీని కొడుకు వైపు తిప్పింది.

"కూర్చో నాన్నా. మీ వదిన నీ మొహం ఒకసారి సరిగ్గా చూడాలి."